ఉత్పాతం అంటే గుర్తా, ముప్పా?

ఒక వ్యాసం అనువదిస్తున్నానండీ. భూకంపానికి ముందు బావినీళ్లలో రేడాన్ వాయువు పెరగడం, వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్‌లో తేడాలు రావడం లాంటివాటిని ఇంగ్లీషులో ప్రికర్సర్స్ అంటారు. నేను ‘ఉత్పాతాలు’ అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేశారు. ఉత్పాతం అంటే భూకంపమే కదా అంటారు. ఎవరు రైటు?

— ఇద్దరూనండి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉత్పాతం అంటే రాబోయే కీడుకు గుర్తు. దివ్యం (గ్రహ నక్షత్రాలవి), ఆంతరిక్షం (ఆకాశంలోవి), భౌమం (నేలమీదివి) అని మూడు రకాలు. సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ కనబడే పరివేషం (మనం వరదగుడి అంటాం), ఉల్కలు ఆంతరిక్షం కిందికి వస్తాయి. తమాషా ఏమిటంటే, అందులో భూకంపం కూడా మరేదో కీడుకు గుర్తే! మన పత్రికల్లోకి వచ్చేసరికి గుర్తు పోయి ముప్పు మిగిలింది. ఇప్పుడు ‘ఉత్పాతం ముంచుకొచ్చింది’ అంటేనే అందరికీ అర్థమవుతుంది.

— పూర్వసూచన అనేస్తే పోదా?

— నాకు నచ్చదు. సూచన అన్నాక తర్వాతిది వచ్చి తీరాలనే ధ్వని ఉంది. చైనాలో 1975 ఫిబ్రవరి 4న హైచెంగ్‌లో పెద్ద కుదుపుకు ముందు వరసగా చిన్న కుదుపులొచ్చాయి, చలికాలంలో పాములు బయటికొచ్చాయి, జనాన్ని ఇళ్లలోంచి పంపేశారు. మరుసటి ఏడు జులై 28న తాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరికేదీ అందలేదు. అధికారిక లెక్కల్లోనే 2,42,000 మందికి పైగా పోయారు. రేడాన్ సంగతీ అంతే, వాన పడినా గాలి పీడనం మారినా దాని లెక్క మారుతుంది. చిన్న కుదుపుకు ‘ముందు’ అనే మాట తగిలించేది పెద్దది వచ్చాకే. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో కంపించినప్పుడు మా వరంగల్‌లో గిన్నెలు గలగలమన్నాయి. సాయంత్రానికి మా వీధిలో ‘తెల్లారుజామున కాకులు ఒకటే గోల’ అన్నవాళ్లు నలుగురు తేలారు. రోజూ చేసే గోలే అది.

— ఆయుర్వేదంలో రోగం బయటపడే ముందు కనిపించేదాన్ని పూర్వరూపం అంటారు. వాడుకోవచ్చు కదా?

— మాట బంగారం. కానీ పాఠకుడికి పాత రూపమనో, పూర్వరూప సంధనో తోస్తుంది. ‘భూకంపానికి ముందు కనబడిన మార్పులు’ అనండి. పొడుగైనా ‘కనబడిన’ దగ్గర అబద్ధం లేదు.

— అలాగే పంపాను మాస్టారూ. శీర్షికలో పట్టలేదని ఎడిటర్ గారు ‘ముందస్తు మార్పులు’ చేశారు. ఎన్నికల వార్తనుకుని ఎవరూ చదవకపోతే బావుణ్ను.