పాస్‌వర్డ్ మార్చినా ఆఫీసు మెయిల్స్ బయటికి పోతున్నాయి, ఎలా?

ప్రశ్న: మా అకౌంట్స్ మెయిల్‌లోకి ఎవరో చొరబడ్డారు. పాస్‌వర్డ్ మార్చాం, ఓటీపీ కూడా పెట్టాం. అయినా మా ఇన్‌వాయిస్ వివరాలతోనే కస్టమర్లకు "బ్యాంకు ఖాతా మారింది" అని నకిలీ మెయిల్స్ వెళ్తున్నాయి. ఇంకా ఏం చూడాలండీ?

జవాబు 1: ముందు సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ తెరవండి. "ఇన్‌వాయిస్", "పేమెంట్" అనే మాటలున్న మెయిల్‌ని బయటికి పంపడమో, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ లాంటి ఎవరూ చూడని ఫోల్డర్‌లోకి నెట్టడమో ఈ మోసగాళ్ల పద్ధతి. పాస్‌వర్డ్ మారినా వాళ్లు పెట్టిన ఆ రూల్ (ఫిల్టర్) అలాగే పనిచేస్తుంది. ఆ రూల్ పేరు ఒక్కోసారి ఒట్టి చుక్కే ఉంటుంది, కంటికి ఆనదు. తీసేముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆధారంగా పనికొస్తుంది.

జవాబు 2: అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేయించండి. దొంగిలించిన సెషన్ కుకీ (లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే ఫైలు) చెల్లుతున్నంతకాలం ఓటీపీ అడగదు. మెయిల్ చదివే అనుమతి పొందిన యాప్‌లు, రికవరీ నంబరు కూడా చూడండి.

జవాబు 3: పంపినవారి డొమైన్‌ని అక్షరం అక్షరం చదవండి. 'ఎమ్' (m) బదులు 'ఆర్', 'ఎన్' (rn) పక్కపక్కన పెట్టి కొత్త డొమైన్ కొని ఉంటే, మీ డీమార్క్ (మీ డొమైన్ పేరుతో నకిలీ మెయిల్స్ రాకుండా చూసే ఏర్పాటు) దాన్ని ఆపలేదు. కస్టమర్లకు ఇవాళే ఫోన్ చేయండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే, ముందు వాళ్ల బ్యాంకుకు చెప్పమనండి. గంట ఆలస్యమైనా ఆ డబ్బు వేరే ఖాతాలకు వెళ్లిపోవచ్చు.