పాత కంప్యూటర్లలో బ్లాకుల ప్రోగ్రామింగ్: మీ అనుభవం చెప్పగలరా?

పల్లెబడి_లెక్కలు:
నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మా ల్యాబులోని కంప్యూటర్లకు 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది, ఇంటర్నెట్ ఉండే రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. ఆదేశాలు రాసి ఉన్న బ్లాకులను పేర్చి పిల్లలు ప్రోగ్రాములు చేసే స్క్రాచ్ 3 తెరుచుకుంటోంది గానీ, బ్లాకును పట్టుకుని లాగితే అది చాలా ఆలస్యంగా కదులుతోంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకన్నా తేలికైన సాధనం ఏదైనా వాడి చూసినవారు తమ అనుభవం తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

సాయంకాలం_ల్యాబు:
మాస్టారూ, నేను 2009లో వచ్చిన స్క్రాచ్ 1.4ను రెండేళ్లు వాడాను. బ్రౌజరుతో, ఇంటర్నెట్‌తో దానికి పని లేదు, పాత యంత్రాల మీద హాయిగా నడుస్తుంది. అయితే పిల్లలు సొంతంగా బ్లాకు తయారు చేసుకునే వీలు గానీ, ఒక బొమ్మకు క్లోన్లు, అంటే నకళ్లు, పుట్టించే వీలు గానీ అందులో లేదు. ఆ రెండూ 2013 నాటి 2.0లో వచ్చాయి. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒక అమ్మాయి ఇంట్లో కొత్త స్క్రాచ్‌లో కష్టపడి చేసిన ఆటను పెన్ డ్రైవులో తెస్తే, ఆ ఎస్‌బీ3 (స్క్రాచ్ 3 రకం) ఫైలు మా 1.4లో తెరుచుకోలేదు. ముందే హెచ్చరించకపోవడం నా తప్పే, ఆ పిల్ల ముఖం ఇప్పటికీ గుర్తుంది.

గువ్వలచెట్టు:
ఆ లోటు తీరాలంటే బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారి స్నాప్ చూడండి. స్క్రాచ్‌ను విస్తరించి, సొంత బ్లాకులు కట్టుకునే వీలు కల్పించిన ప్రయత్నం నుంచే అది పుట్టింది. జిప్ ఫైలును ఒక్కసారి దించుకుని విప్పి, అందులోని పేజీని బ్రౌజరులో తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. మరీ పాత బ్రౌజరైతే మొరాయిస్తుంది కనుక ముందుగా ఒక్క యంత్రం మీద పరీక్షించుకోండి.

ఇద్దరుపిల్లల_తల్లి:
కంప్యూటరే లేని ఇళ్ల సంగతి కూడా ఆలోచించాలండీ. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన పాకెట్ కోడ్ అనే బ్లాకుల యాప్ ఆండ్రాయిడ్ ఫోనులోనే పని చేస్తుంది. తెర చిన్నది కావడంతో పొడవైన ప్రోగ్రాములు కష్టమే, కానీ మా పెద్దవాడికి మొదటి మెట్టుగా అది సరిపోయింది.

పల్లెబడి_లెక్కలు:
అందరికీ కృతజ్ఞతలు. నెల రోజులుగా స్నాప్ వాడుతున్నాము. తెర మీది బొమ్మ కలం దించి, 100 అడుగులు నడిచి, 90 డిగ్రీలు తిరగడాన్ని నాలుగుసార్లు రిపీట్ చేయించి చతురస్రం గీయించాను. సమబాహు త్రిభుజం గీయమంటే దాదాపు అందరూ కోణం 60 అనే ఇచ్చారు. తెర మీద షడ్భుజిలో సగం కనబడింది. నేను జవాబు చెప్పకుండా నేల మీద సుద్దముక్కతో త్రిభుజం గీసి, దాని మీద నడవమన్నాను. మూల దగ్గర తాను ఎంత తిరుగుతున్నాడో చూసుకున్న ఒక కుర్రవాడు "సార్, లోపలి కోణం కాదు, బయటి కోణం!" అని పరుగున వెళ్లి 120 అని మార్చాడు. బాహ్యకోణాన్ని పదేళ్లుగా నల్లబల్ల మీద చెబుతున్నాను గానీ, పిల్లలు దాన్ని ఇలా తామే కనుక్కోవడం నేనెన్నడూ చూడలేదు.