సచివాలయం గోడ మీద మా పాప ఆధార్ నంబరు: ఏది అంటించవచ్చు, ఏది కూడదు?

ప్రశ్న – అనంతపురం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి చదువుతోంది. చదువుకునే పిల్లలకు సంబంధించిన ఒక పథకానికి అర్హుల జాబితా, అనర్హుల జాబితా గత నెల మా వార్డు సచివాలయం గోడకు పక్కపక్కనే అంటించారు. అనర్హుల జాబితాలో మా పాప పేరు, నా పేరు, పాప చదివే బడి, నా ఫోను నంబరు, ఇద్దరి ఆధార్ నంబర్లు పన్నెండు అంకెలతో సహా ఉన్నాయి. చివరి గడిలో ‘నాలుగు చక్రాల వాహనం’ అని కారణం రాశారు. ఆ కారు నాది కాదు. మూడేళ్లుగా నేనూ పాపా మా అమ్మగారింట్లో ఉంటున్నాము. హౌస్‌హోల్డ్ మ్యాపింగులో, అంటే ఎవరు ఏ కుటుంబమో సచివాలయంలో ఉండే నమోదులో, మాత్రం ఇంకా భర్త కుటుంబంలోనే ఉన్నందువల్ల ఆయన కారు మా లెక్కలో పడింది.

ఆ సంగతి ఎలాగోలా సరిచేయించుకుంటాను, నా బాధ అది కాదు. ఎవరో ఆ కాగితాన్ని ఫోటో తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మరునాడు పాలు పోసే ఆమె “మీకు కారుందంట కదమ్మా” అని వాకిట్లోనే అడిగింది. రెండు రోజుల తర్వాత కొత్త నంబరు నుంచి ఎవరో ఫోన్ చేసి, పాప పేరు, తరగతి, బడి తప్పు లేకుండా చెప్పి, ఆగిన డబ్బు వేస్తాము ఓటీపీ చెప్పమన్నాడు. నేను చెప్పలేదు గానీ, ఆ రోజు నుంచి పాపను బడి దగ్గరికి నేనే వెళ్లి తెచ్చుకుంటున్నాను. సచివాలయంలో అడిగితే, పారదర్శకత కోసం అంటించమని పైనుంచి ఆదేశం ఉందన్నారు. చట్టం నిజంగా ఇంతవరకు చెబుతుందా?

సమాధానం – విశ్రాంత పురపాలక ఉద్యోగి, కర్నూలు

అమ్మా, ముందు ఓటీపీ చెప్పకపోవడం మంచి పని చేశారు. ఆ నంబరును 1930 సైబర్ సహాయ కేంద్రానికి తెలియజేయండి.

నేను చాలా ఏళ్లు జనన మరణాల విభాగంలో పనిచేశాను కాబట్టి ఒక విషయం చెబుతాను. బిడ్డ పుట్టినప్పుడు నింపే ఫారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి చట్టపరమైన భాగం: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు. రెండోది గణాంక భాగం: తల్లి చదువు, మతం, పెళ్లినాటి వయసు, ఎన్నో కాన్పు వంటివి. నమోదు కాగానే రెండో భాగాన్ని విడదీసి లెక్కల కోసం పంపేస్తారు. జనన ధ్రువపత్రంలో మొదటి భాగంలోని వివరాలే వస్తాయి. మరణాల సంగతి ఇంకా స్పష్టం. 1969 నాటి చట్టం ప్రకారం మరణ నమోదు నకలులో చావుకు కారణం బయటపెట్టకూడదు. అంటే ఇంటి సంగతి ఎంతవరకు బయటికి రావచ్చో, ఎక్కడ ఆపాలో పురపాలక కార్యాలయాలకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ఫారాన్ని స్కేలు పెట్టి చింపిన చేతులే ఈరోజు ఎక్సెల్ షీటును ఉన్నదున్నట్టు ప్రింటు తీసి గోడకు పూస్తున్నాయి.

ఇంకో మాట. మీ పాప వివరాలు ఒక్క సచివాలయంలోనే లేవు. జనన రిజిస్టరులో ఉంటాయి, అంగన్‌వాడీకి వెళ్లి ఉంటే అక్కడి రిజిస్టరులో బరువు, ఎత్తుతో సహా ఉంటాయి, బడి ద్వారా యూడైస్‌లో (బడుల, బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ డేటాబేసులో) ఉంటాయి, రైస్ కార్డులో ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో అవసరానికి తీసుకున్నదే. వీటిలో చాలావాటిని ఒకే ఆధార్ నంబరుతో ముడివేశారు కాబట్టి ఆ నంబరు గోడెక్కడం చిన్న విషయం కాదు.

సమాధానం – న్యాయవాది, కడప

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులున్నాయి, వాటిని కలపకూడదు.

ఆధార్ విషయంలో సందేహమే లేదు. 2016 ఆధార్ చట్టం 29(4) సెక్షన్ ప్రకారం, నిబంధనల్లో చెప్పిన అవసరాలకు తప్ప ఎవరి ఆధార్ నంబరునూ బహిరంగంగా ప్రచురించకూడదు, ప్రదర్శించకూడదు. గోడ కూడా బహిరంగమే. 2018లో మన రాష్ట్రంలోనే గృహ నిర్మాణ లబ్ధిదారుల ఆధార్ వివరాలు లక్షకు పైగా ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ కనిపించాయని పత్రికల్లో వచ్చింది. ఆ అనుభవం తర్వాత కూడా పూర్తి అంకెలు అచ్చవుతున్నాయంటే ఆశ్చర్యమే.

జాబితా విషయం కొంచెం చిక్కు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4(1)(బి) సెక్షన్, సబ్సిడీ పథకాల అమలు తీరును, లబ్ధిదారుల వివరాలను ప్రభుత్వమే తనంతట తాను వెల్లడించాలని చెబుతుంది. కాబట్టి సచివాలయం వారు చెప్పిన పారదర్శకత అబద్ధం కాదు. అయితే ఆ మాట లబ్ధి పొందినవారి గురించి. ప్రజాధనం ఎవరికి చేరిందో ఊరికి తెలియాలి. ఎవరికి చేరలేదో, ఎందుకు చేరలేదో ఆ కుటుంబానికి తెలిస్తే చాలు. దాన్ని వీధి మొత్తానికి చెప్పమని ఆ సెక్షన్ ఎక్కడా అనడం లేదు.

కొత్త చట్టం సంగతీ అడుగుతారేమో. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్లు నిండనివారంతా పిల్లలే. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. అయితే పథకాలు, ధ్రువపత్రాల కోసం ప్రభుత్వానికి విడిగా వెసులుబాటు ఇచ్చారు. 2025 నవంబరులో వచ్చిన నియమాలు, ఆ వెసులుబాటు వాడుకున్నా అవసరమైనంత సమాచారమే వాడాలని, దాన్ని భద్రంగా ఉంచాలని షరతు పెట్టాయి. ఈ భాగం అమల్లోకి రావడానికి 18 నెలల గడువుంది కాబట్టి ఇప్పటికిప్పుడు దీన్ని ఆయుధంగా చేసుకోవద్దు. మీకు ఆధార్ చట్టం చాలు.

పురపాలక కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. జాబితాను ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ ఏ గడులతో అంటించారో ఆ ఉత్తర్వు నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. నా అంచనా, పేర్లు ప్రదర్శించమన్న ఉత్తర్వు ఉంటుంది గానీ ఆధార్ నంబర్లు ప్రదర్శించమన్న ఉత్తర్వు ఉండదు.

సమాధానం – సచివాలయ ఉద్యోగి, కడప జిల్లా

మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. జాబితా అంటించకపోతే, లోపల్లోపల ఎవరివో పేర్లు ఎక్కించుకున్నారని మమ్మల్నే నిలదీస్తారు. కారణం రాయకపోతే కరెంటు 300 యూనిట్లు దాటిందా, కారుందా, పొలం ఎక్కువుందా అని ఒక్కొక్కరూ వచ్చి అడుగుతారు. వారికి లాగిన్ తెరిచి చూపించడానికే మాకు సాయంత్రమవుతుంది. ఫోటో తీసి గ్రూపులో పెట్టింది మేము కాదు, జనమే.

అయినా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. లాగిన్‌లోంచి దిగే ఫైలులో అన్ని గడులూ ఉంటాయి. ప్రింటుకు ముందు ఆధార్, ఫోను నంబరు గడులను దాచడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా సచివాలయంలో ఆధార్ చివరి నాలుగు అంకెలే ఉంచుతున్నాము, అనర్హుల కారణాన్ని ఆ తల్లి వచ్చి అడిగినప్పుడు చెబుతున్నాము. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే తేడా తెలియడానికి ఆ నాలుగు అంకెలే సరిపోతున్నాయి. ఈ పద్ధతి మాకెవరూ రాసి ఇవ్వలేదు. మాలో ఒకరి చెల్లెలికి మీకు వచ్చినట్టే ఫోను వచ్చిన తర్వాత మొదలుపెట్టాము.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 1930కు ఫోన్ చేశాను. నిన్న ఆధార్ చట్టం సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని సచివాలయానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి రెండుసార్లు చదివి, ఏమీ వాదించకుండా లేచి వచ్చి జాబితా పీకేసింది. మైదా జిగురు గట్టిపడడంతో సగమే ఊడింది. మిగిలిన ముక్కలో మా పాప వరుస అలాగే ఉండిపోయింది. సీసాలోని నీళ్లు చల్లి, నేనే గోరుతో గీకేశాను. గ్రూపు అడ్మిన్ ఫోటో తీసేశాడు, అది ఇంకా ఎందరి ఫోన్లలో ఉందో తెలియదు. సమాచార హక్కు దరఖాస్తు సోమవారం ఇస్తున్నాను. కర్నూలు సార్ గారూ, జనన ధ్రువపత్రం నకలుకు కూడా అదే రోజు అడుగుదామనుకుంటున్నాను. ఆధార్ ఇవ్వకుండా పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు చెబితే వెతికి ఇస్తారా?