అప్‌డేట్: పాత ఆటోమేటిక్ టర్న్‌టేబుల్ కొనేశాను, ఆర్మ్ సమస్య తేలింది

భీమవరంలో ఒకాయన అమ్ముతున్న పాత జపాన్ ఫుల్లీ ఆటోమేటిక్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొనొచ్చా, రికార్డు అయ్యాక ఆర్మ్ (సూది ఉండే చెయ్యి) లేచి మధ్యలోనే ఆగిపోతోంది అని అడిగాను కదా. బేరమాడి కొనేశాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ప్లాటర్ కింద, అంటే రికార్డు పెట్టే పళ్లెం కింద, గ్రీజు చూడండి" అన్నవారి మాటే నిజమైంది. పాలకొల్లులో రేడియోలు బాగుచేసే పెద్దాయన ప్లాటర్ ఎత్తి చూపించారు. ఆర్మ్‌ని నడిపే పెద్ద పళ్ల చక్రం మీద గ్రీజు ముదురు బెల్లం పాకంలా బిగుసుకుపోయింది, వేలితో తోసినా కదల్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త గ్రీజు పల్చగా రాశారు. అంతే! ఇప్పుడు ఆర్మ్ తనంతట తనే లేచి స్టాండ్ మీదకొచ్చి కూర్చుంటోంది. అది చూడ్డానికే మా అమ్మాయి రికార్డు పెట్టమంటోంది.

అప్పుడు బెల్టు గురించి జరిగిన అంత చర్చ అనవసరం. ఇది డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారే ప్లాటర్‌ని నేరుగా తిప్పుతుంది, అసలు బెల్టే లేదు. ముందే చూసుకోకపోవడం తప్పు నాదే. జపాన్ సరుకు కదా, అక్కడి 100 వోల్టుల కరెంటుకే పనిచేస్తుందేమో అన్న టెన్షన్ కూడా పోయింది, వెనక ప్లేటు మీద 220 అని ఉంది. సూది మాత్రం అరిగిపోతే కొత్తది వేయించాను.

ఇందులో 33, 45 స్పీడులే (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్నాయి. 78 రికార్డుల గాడి వెడల్పు కాబట్టి వాటికి సూదీ వేరే కావాలి. అందుకే తాతగారి 78 స్పీడు లక్క రికార్డులు ఇంకా అటక మీదే.