టోగాఫ్ ప్రాక్టీషనర్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ప్రశ్న (రాయగడ): టోగాఫ్ (సంస్థల వ్యవస్థల్ని, ఐటీని ప్లాన్ చేసే పద్ధతి) పదో ఎడిషన్ సర్టిఫికేషన్‌కి చదువుతున్నా. ఫౌండేషన్, ప్రాక్టీషనర్ అని రెండు పరీక్షలు. ఫౌండేషన్ మాక్ టెస్టుల్లో 40కి 32 వస్తున్నాయి. ప్రాక్టీషనర్‌లో మాత్రం 40కి 20 దాటట్లేదు. ఓపెన్ బుక్కే కదా, ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు 1: ఓపెన్ బుక్ అన్న ధీమాయే ముంచుతుంది తమ్ముడూ. 8 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఒక్కోదానికి పదకొండే. పుస్తకంలో వెతకడం మొదలెడితే అయిపోయినట్టే. జవాబులకి 5, 3, 1, 0 మార్కులు. పాస్‌కి 24 కావాలి. ముందు సున్నా జవాబు ఏరెయ్. సాధారణంగా అది వేరే ఫేజ్ (టోగాఫ్ పనిక్రమంలో ఒక దశ) పని చెప్తుంది. ఉదాహరణకి ప్రశ్నలోని కథ తొలి దశ ఫేజ్ ‘ఏ’లో ఉంటే, మైగ్రేషన్ ప్లాన్ (కొత్త వ్యవస్థకి మారే ప్రణాళిక) ఖరారు చేద్దామనే జవాబు చెల్లదు. అది ఫేజ్ ‘ఎఫ్’ పని. ఫేజ్ ‘ఈ’లో చిత్తుప్రతి, ‘ఎఫ్’లో ఖరారు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

జవాబు 2 (పర్లాకిమిడి): ఏబీబీ (ఆర్కిటెక్చర్ బిల్డింగ్ బ్లాక్, అంటే ఏం కావాలో చెప్పేది), ఎస్‌బీబీ (సొల్యూషన్ బిల్డింగ్ బ్లాక్, అంటే దాన్ని దేంతో చేస్తామో చెప్పేది) తేడా కూడా సరిచూసుకోండి. మన జీడిపిక్కల కొనుగోలే తీసుకోండి. ‘రైతువారీ తూకం నమోదు కావాలి’ అంటే ఏబీబీ. ఫలానా కాటా, దానికి కలిపిన ఫలానా సాఫ్ట్‌వేర్ అంటే ఎస్‌బీబీ. కథలో ఉత్పత్తి పేరు కనిపించగానే దాన్ని ఏబీబీ అనేస్తారు, తప్పు.

ప్రశ్న అడిగినవారు: ఫౌండేషన్, ప్రాక్టీషనర్ రెండూ కలిపి, 103 కోడ్ ఉన్న ఉమ్మడి పరీక్షగా రాసేయనా?

జవాబు 1: ప్రాక్టీషనర్ మాక్‌లో 30 నిలకడగా వచ్చేదాకా వద్దు. ఇంటినుంచి రాస్తే ఇన్వర్టర్ చూసుకో, రౌటర్‌కి కూడా.