బటన్లు వాటంతట అవే చోటు మారుతుంటే అమ్మ తికమకపడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న

మందుల వేళలు గుర్తుచేసే యాప్ ఒకటి తయారు చేస్తున్నాను. వాడబోయేవాళ్లు ఎక్కువగా డెబ్బై దాటినవాళ్లే. ఏ బటన్ ఎక్కువసార్లు నొక్కితే అది పైకి వచ్చేలా కోడ్ రాశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను, మరి!

ముందు అమ్మ చేతికిచ్చాను. మూడో రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకొచ్చి, "'వేసుకున్నాను' అనేది నిన్నటిదాకా ఇక్కడే ఉంది కదరా, నేనేమైనా చెరిపేశానా?" అంది. నాలుగుసార్లు వాయిదా వేసిందని, 'తర్వాత గుర్తుచేయి' ఆ చోటికి వచ్చేసింది. అలవాటుగా అక్కడే నొక్కింది. పది నిమిషాలకు మళ్లీ మోగేసరికి, వేసుకున్న మాత్రే ఇంకోటి వేసుకోబోయింది. నాకు చెమటలు పట్టాయి.

ఈ మార్పులన్నీ పీకేయాలా?

జవాబు 1

యాక్సెసిబిలిటీ టెస్టింగే నా ఉద్యోగం, అంటే పెద్దవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు యాప్‌లను ఇబ్బంది లేకుండా వాడగలరా అని పరీక్షించడం. "నేనేమైనా చెరిపేశానా" అన్న మాట వారానికోసారైనా వింటాను. పెద్దవాళ్లు తప్పు తమదే అనుకుంటారు, అందుకే మీకు ఫిర్యాదు రాదు.

ఇది పాత పొరపాటే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో అంతగా వాడని మెనూ అంశాలు వాటంతట అవే దాక్కునేవి. జనం వెతుక్కోలేక విసుక్కున్నారు. 2007లో మెనూల బదులు రిబ్బన్ (పైన బటన్ల పట్టీ) వచ్చాక ఆ పద్ధతి పోయింది.

అన్నీ పీకేయక్కర్లేదు. సైజు మారనివ్వండి, సమయం మారనివ్వండి, చోటు మాత్రం కదపొద్దు. వేలు పదేపదే బటన్ పక్కన పడుతుంటే, "బటన్లు పెద్దవి చేయమంటారా?" అని అడగండి. అడగకుండా చేయొద్దు. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ 2.2లో, బటన్ సైజు మధ్య స్థాయి ఏఏకి కనీసం 24 పిక్సెళ్లు చాలంటారు, అన్నిటికన్నా పై స్థాయి ఏఏఏకి 44. వణికే చేతికి 44 కూడా నాకు చిన్నగానే తోస్తుంది. ఆ రెండు బటన్ల మధ్య ఎడం కూడా పెంచండి. నొక్కి పట్టుకుంటే జరిగే పనులేవీ పెట్టకండి. నిదానంగా నొక్కేవాళ్లకు ప్రతి నొక్కూ అలాగే అయిపోతుంది.

అసలు ప్రమాదం మాత్రం ఇంకోటి. 'ఉదయం 8 మాత్ర వేసుకున్నారు' అన్న మాట తెర మీద నిలిచి ఉండాలి. రెండు సెకన్లు మెరిసి మాయమైతే ఎవరికి గుర్తుంటుంది?

జవాబు 2

అక్షరాల సైజుకి సొంత సెట్టింగ్ పెట్టకండి, ఫోన్‌లో వాళ్లు పెట్టుకున్నదే తీసుకోండి. ఆండ్రాయిడ్ 14లో 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అలా పెంచి ఒకసారి చూడండి: పెట్టె ఎత్తు ఫిక్స్ చేసి ఉంటే తెలుగులో ముందు తెగేది వత్తులే. మా యాప్‌లో 'రాత్రి' కాస్తా 'రాతి' అయి కూర్చుంది.

ప్రశ్న అడిగినవారు

చోట్లు మారకుండా చేశాను. 'వేసుకున్నాను' ఇప్పుడు తెర అడుగున వెడల్పంతా ఉంది, 'తర్వాత' బాగా పైన. సైజు గురించి అడిగే ప్రశ్న కూడా పెట్టాను. అమ్మ అది చదివి, "వద్దంటే రోజూ అడుగుతుందా?" అంది. దానికి నా దగ్గర కోడ్ లేదు.

జవాబు 1

ఒకసారి వద్దన్నాక మళ్లీ అడగొద్దండీ. సెట్టింగ్స్‌లో పైనే కనిపించేలా పెట్టేయండి, కావాలంటే ఆవిడే మార్చుకుంటారు.