తిరుపతిలో అమ్మానాన్నల దగ్గరున్న కుక్కకు ఆపరేషన్: తక్కువ ఖర్చు ఆసుపత్రిలో చేయించొచ్చా?

బైరాగిపట్టెడ అమ్మాయి, డెంటన్, టెక్సాస్:

అందరికీ నమస్తే. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను, ఇక్కడ ఇంకా బస్సు నంబర్లు కూడా సరిగ్గా తెలీవు. నా టెన్షన్ మాత్రం తిరుపతిలో ఉంది. పేరు బుజ్జమ్మ. నాటు కుక్క, ఏడాదిన్నర, 14 కేజీలు. పోయిన నెల రెండోసారి హీట్‌కి, అంటే ఎదకి వచ్చింది. వీధిలో మగకుక్కలన్నీ మా గేటు దగ్గరే కాపురం పెట్టాయి. మూడు వారాలు నాన్న కర్ర పట్టుకుని కాపలా కాశాడు.

ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేద్దామని నేనంటున్నాను. "ఆడబిడ్డమ్మా, ఒక కాన్పన్నా కానీకుండా కోసేస్తే పాపం తగల్దా?" అని అమ్మ. ఇంటి దగ్గర ప్రైవేటు క్లినిక్‌లో 9,000 చెప్పారు. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అయితే చాలా తక్కువలో అయిపోతుందట, కానీ అక్కడ స్టూడెంట్లు కోస్తారేమోనని నాన్న భయం. వీధికుక్కలకు చేసే వాళ్లకు అప్పగిస్తే పైసా ఖర్చుండదని పక్కింటాయన. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని చేసి నేను పంపగలిగేది కొంచెమే. తక్కువ ఖర్చంటే తక్కువ జాగ్రత్త అనేనా? దూరం నుంచి ఇలా ఎవరైనా చేయించారా?

కొర్లగుంట అక్క, ప్లేనో:

చెల్లీ, నేను చేయించాను. నీలాగే ఫోన్ చెవికి అంటించుకుని, అక్కడ పగలు, ఇక్కడ అర్ధరాత్రి.

ముందు ఒక మాట. ఈ నెలలో మాత్రం వద్దు. హీట్ అయిన కొత్తలో గర్భసంచికి రక్తం బాగా వస్తుంటుంది, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. రెండు మూడు నెలలు ఆగమంటారు. మీ నాన్న కాపలా ఎంత గట్టిదో నాకు తెలీదు కాబట్టి, కడుపు నిలవలేదని డాక్టర్ చేత చూపించండి. ఈ ఆగే రోజుల్లో ఒకటి గమనించమని అమ్మకు చెప్పు. కుక్క నీళ్లు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసి మూలకు పడుకున్నా, వెనక చీములాంటిది కారినా, అది గర్భసంచిలో చీము పట్టడం కావచ్చు. హీట్ అయిన కొన్ని వారాల్లోనే వస్తుంది. చీము బయటికి కారకుండా లోపలే నిండటం కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. అప్పుడు ఖర్చు, తేదీ ఏమీ చూడకూడదు, ఆ పూటే తీసుకెళ్లాలి.

అమ్మ చెప్పే ఒక కాన్పు సంగతి. మా అమ్మదీ అదే పాట. కాన్పు వల్ల కుక్క ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. పైగా ఒక్కో హీట్ గడిచేకొద్దీ తర్వాత రొమ్ముల్లో గడ్డలు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. అమ్మతో పాపపుణ్యాల మీద వాదన పెట్టుకోవద్దు. "ఆరు పిల్లలు పుడితే నాలుగు ఆడవి అయితే ఎవరింట్లో ఇస్తావమ్మా?" అని అడుగు. మా వీధిలో ఆడ కుక్కపిల్లను తీసుకున్నవాళ్లు ఒక్కరు లేరు. మా అమ్మ ఆ ప్రశ్నకే మెత్తబడింది.

వీధికుక్కలకు చేసే చోటు గురించి పక్కింటాయన మాట వదిలెయ్. అది 2023 ఏబీసీ రూల్స్ (జంతువుల జనన నియంత్రణ నిబంధనలు) కింద వీధికుక్కల కోసం. పట్టుకొచ్చి, ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదిలేస్తారు. పెంపుడు కుక్క ఖర్చు పెంచుకున్నవాళ్లదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ధర తక్కువా ఎక్కువా అని కాకుండా, ఎందుకు తగ్గిందో చూడు. ఆ కాలేజీ వెటర్నరీ యూనివర్సిటీది, అంటే ప్రభుత్వానిది. డాక్టర్ల జీతాలు, థియేటర్ ఖర్చు సర్కారువి. అందుకే నీకు తక్కువ పడుతుంది, జాగ్రత్త తగ్గించి కాదు. కొన్ని మందులు, కుట్టు దారం బయట తెమ్మని చీటీ ఇవ్వచ్చు, నాన్న జేబులో కొంచెం డబ్బు ఉండాలి. స్టూడెంట్ల భయం గురించి: అక్కడ పీజీ చదివేవాళ్లు ఉంటారు, పక్కన నేర్పించే డాక్టర్ ఉంటారు. ఒక కుక్క చుట్టూ నలుగురు నిలబడి చూడటం నా లెక్కలో మంచిదే. కాకపోతే పొద్దున్నే వెళ్లాలి, దూడలు, మేకల మధ్య కూర్చుని ఓపిగ్గా ఉండాలి. మీ నాన్నకు ఆ ఓపిక ఉందా అన్నది ఇక్కడి నుంచి నేను చెప్పలేను.

మా కుక్క జాకీ కథ విను. తిరుపతిలోనే ఒక ప్రైవేటు క్లినిక్‌లో, పేరెందుకులే, "రేపే తీసుకురండి, అరగంట పని" అన్నారు. రక్తపరీక్ష ఊసే లేదు. ఆ సాయంత్రం దాని చెవుల్లో పిడుదులు ఏరుతూ మా నాన్న "చిగుళ్ల దగ్గర ఎర్రగా ఉందే" అన్నాడు. ఫోన్ దగ్గరగా పెట్టమన్నాను. తెల్లటి చిగుళ్ల మీద ఆవగింజంత ఎర్ర చుక్కలు, పది దాకా. మర్నాడు ఆపరేషన్ మాన్పించి రక్తం పరీక్షకు ఇప్పించాను. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 60 వేలే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు దాదాపు రెండు లక్షల పైన ఉండాలి. టిక్ ఫీవర్. మన వైపు పిడుదుల వల్ల ఇది మామూలే, పైకి కుక్క హుషారుగానే తిరుగుతుంది. ఆ స్థితిలో కోసి ఉంటే రక్తం గడ్డకట్టేది కాదు. 28 రోజులు డాక్సీసైక్లిన్ వేశారు, మళ్లీ పరీక్ష చేశారు, ఆ తర్వాతే ఆపరేషన్. అది కాలేజీ ఆసుపత్రిలోనే చేయించాం.

అందుకే నా మాట ఇది: 9,000 ఇచ్చినా, 900 ఇచ్చినా, ప్లేట్‌లెట్లు చూడకుండా ఎక్కడా ఒప్పుకోవద్దు. అది చూశాక కాలేజీకి వెళ్లు, నాకు ఏ అనుమానమూ లేదు.

ఫోన్‌లో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మత్తు ఇచ్చాక ఊపిరి కోసం గొంతులో గొట్టం వేస్తారా, లేచేదాకా పక్కన ఎవరుంటారు, నొప్పికి ఇంటికి ఏ మందు ఇస్తారు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం వద్దు. ఐబూప్రోఫెన్ కుక్కకు విషమే. "పాపం మూలుగుతోంది" అని అమ్మ పారాసెటమాల్ కూడా వేయకుండా ముందే చెప్పు.

ఇంకోటి, బిస్కెట్. మీ నాన్న పొద్దున టీ తాగుతూ దానికి ఒకటి విసురుతాడు కదా, అందరు నాన్నలూ అంతే. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు రోజు రాత్రి ఎన్ని గంటల తర్వాత తిండి ఆపాలో డాక్టర్ చెబుతారు, ఆ కాగితం టీ డబ్బా మీద అంటించమను. మేం అదే చేశాం.

చిత్తూరు అన్న, హ్యూస్టన్:

అక్క చెప్పిందంతా నిజమే, కాలేజీకే వెళ్లమన్న ఒక్కచోట నేను ఒప్పుకోను. 9,000 అంటే దాదాపు వంద డాలర్లు. అమ్మానాన్నలకు అరవై దాటి, స్కూటర్ మీద తిరిగేవాళ్లయితే, రాత్రి పదికి కుట్టు దగ్గర రక్తం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? ఊళ్లో మావాళ్ల కుక్కకు అలాగే అయితే, ఇంటి దగ్గర డాక్టరు ఆ రాత్రి లుంగీ మీదే వచ్చి చూసి వెళ్లాడు. ఆయనకిచ్చిన డబ్బులో సగం ఆ రాత్రికే సరిపోయిందనుకున్నాను.

తక్కువ ఖర్చంటే నాసిరకం అని మాత్రం నేనూ అనను. ఇక్కడ హ్యూస్టన్‌లో మా కుక్కకు తక్కువ ఖర్చు క్లినిక్‌లోనే చేయించాను. రోజంతా ఇదే పని చేసే చేతులు, కోత రెండు వేళ్లంత కూడా లేదు. మళ్లీ ఎవరూ పొరపాటున కోయకుండా పక్కన సన్నటి ఆకుపచ్చ గీత పచ్చబొట్టులా వేశారు. పొద్దున దింపాను, సాయంత్రం తెచ్చుకున్నాను. కానీ "రాత్రి ఏదైనా అయితే ఎమర్జెన్సీ ఆసుపత్రికి వెళ్లండి" అని కాగితం ఇచ్చారు, ఆ ఎమర్జెన్సీ బిల్లు వేరే కథ.

కొర్లగుంట అక్క:

అన్నా, రాత్రి సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే రెండూ కలపొచ్చు. ఆపరేషన్ కాలేజీలో చేయించి, ఇంటి దగ్గర డాక్టరుకు ముందే చెప్పి ఆయన నంబరు నాన్న ఫోన్లో వేయించు. కుట్లు చూడటానికి ఆయన దగ్గరికే వెళ్లొచ్చు.

చెల్లీ, తేదీ పెట్టేటప్పుడు మీ ఇంటి క్యాలెండర్ చూడు. నాన్నకు శ్రీవారి సేవ పడిందా, ఎవరింట్లోనైనా పెళ్లుందా? కుట్లు విప్పేదాకా 10 నుంచి 14 రోజులు, ఇంట్లో ఒకరు ఉండాల్సిందే. మిద్దె మెట్లు ఎక్కనివ్వకూడదు, గోడ దూకనివ్వకూడదు, స్నానం వద్దు. మే నెల ఎండల్లో అసలు పెట్టుకోవద్దు. మెడకు కోన్ వేస్తే జాకీ గోడలకు గుద్దుకుంటూ ఒకటే ఏడుపు. మా నాన్న తన పాత బనియన్‌కు తోక కోసం కన్నం కోసి తొడిగాడు, వీపు మీద ముడి వేశాడు. దాంతో కుట్లు నాకడం ఆగింది. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంటి వాట్సాప్ గ్రూపుకు డీపీ.

బైరాగిపట్టెడ అమ్మాయి:

అక్కా, అన్నా, థ్యాంక్స్. రాత్రి అమ్మతో మాట్లాడాను. ఆరు పిల్లల ప్రశ్న అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సర్లే, మీ నాయనకు చెప్పు" అంది. నాన్న ఇవాళ రక్తపరీక్షకు తీసుకెళ్లాడు. ఆటోవాళ్లు కుక్కను ఎక్కించుకోం అన్నారట, స్కూటర్ ముందు నిలబెట్టుకుని వెళ్లాడు. చిగుళ్ల ఫోటో పంపమంటే దాని నోరు తెరిచి నవ్వుతున్న ఫోటో పంపాడు, చిగుళ్లు కనబడవు, వెనక నాన్న బొటనవేలు ఒకటే కనబడుతుంది. రిపోర్టు రేపు సాయంత్రం ఇస్తారట. వచ్చాక ఇక్కడే పెడతాను.